పేరు ముందే పడ్డ రాయి

బతికున్న మనిషి పేరు సమాధి రాయి మీద చెక్కనని మా ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. ఇరవై ఏళ్లు జర్మనీలో, అదీ సమాధి రాళ్ల కొట్లో పనిచేస్తూ, ఆ ఒట్టు నిలబెట్టుకోవడం ఎంత కష్టమో దగ్గరుండి చూసినదాన్ని నేను. ఇక్కడ మొగుడు పోతే పెళ్లాం తన పేరు కూడా పక్కనే చెక్కించుకుంటుంది. పుట్టిన సంవత్సరం వేయించి, ఒక గీత గీయించి, గీత తర్వాత ఖాళీ వదలమంటుంది. అక్షరాల వాటం చూసుకుని, బాగుందని మెచ్చుకుని, కాఫీ తాగి పోతుంది. అలాంటి రాయి వచ్చిందంటే మా ఆయన కనకయ్య ఉలి కింద పెట్టి బయటికి వెళ్లిపోయేవాడు. కొట్టు యజమానురాలు పెద్దావిడ, మంచిదే. మొదట్లో అరిచేది, తర్వాత ఆ రాళ్లు వేరేవాళ్లకి అప్పజెప్పేది.

"పేరు పడ్డ రాయి ఊరకుండదు సుభద్రా. మనిషిని అడుగుద్ది," అనేవాడు నాతో.

"ఇక్కడోళ్లని అడగట్లేదుగా? తొంభై ఏళ్లు బతుకుతన్నారు."

"అడుగుద్ది. దానికేం తొందర?"

నాకు ఒళ్లు మండేది. కంచం ముందు కూర్చుని మాట్లాడే మాటలేనా ఇవి!

మాది చీమకుర్తి పక్కన. ఆయన పుట్టింది అరవై ఒకటిలో, రాళ్లు కొట్టే ఇంట్లో. పదేళ్లకే ఉలి పట్టాడు. మా నల్లరాయి, బంగారు చుక్కలున్న రాయి, ఓడలెక్కి జర్మనీ రావడం మొదలయ్యాక, క్వారీలో రాయిని సుత్తితో తట్టి చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పే పని ఆయనది. ఆ చెవి నచ్చి తొంభై తొమ్మిదిలో ఒక జర్మన్ వ్యాపారి ఆరు నెలలకని తీసుకొచ్చాడు. ఆ ఆరు నెలలు అలా సాగిపోయాయి. మరుసటేడు నాలుగేళ్ల మా విక్రాంత్‌ని చంకనేసుకుని నేనూ వచ్చాను, ఉత్తరాన ష్లెస్విగ్ దగ్గరి ఈ ఊరికి. ఏం ఊరు నాయనా! మనుషుల కన్నా గాలి ఎక్కువ. ఆయన జర్మన్ అంతా సమాధుల మీద నేర్చుకున్నదే. పుట్టిన, పోయిన, మరువలేని, శాంతి... ఇవన్నీ గడగడా వచ్చేవి. రొట్టెల కొట్లో రెండు రొట్టెలు అడగమంటే మాత్రం నా వీపు వెనక నక్కేవాడు.

కరోనా మొదలైన ఏడాది అక్టోబరులో ఆయనకో కొత్త పని తగిలింది. పక్క ఊరివాళ్లు ఒక పాత రాయికి నకలు చేయించుకుందామనుకున్నారు. అది వైకింగుల కాలపు రాజు గుర్తుగా నిలబెట్టిన రాయి. అసలుది హైతాబు మ్యూజియంలో ఉంది. కొలతలు తీసుకోవడానికి పోతూ నన్నూ తీసుకెళ్లాడు.

బూడిదరంగు బండ, దాని మీద కిందికీ పైకీ పాకిన రూన్ అక్షరాలు. రాజు పేరు సిగ్‌ట్రిగ్. మాస్కు పెట్టుకుని దూరంగా నిలబడిన ఒకామె మాకు చదివి చెప్పింది. ఓడలొచ్చి ఆగే సంతల ఊరు హైతాబు. దాన్ని ఏలినవాడు గ్నూపా. జర్మనుల రాజు దండెత్తి వచ్చి అతన్ని ఓడించి మతం మార్పించాడు. ఇది తొమ్మిది వందల ముప్పై నాలుగు నాటి మాట. గ్నూపా కొడుకే సిగ్‌ట్రిగ్, తండ్రి తర్వాత రాజు. చిన్నవయసులోనే పోయాడు. తర్వాత ఊరు వేరే వంశం చేతికి పోయింది. ఆ రాజు గురించి తెలిసింది ఇంతే. ఆ కాస్తయినా నిలబెట్టింది తల్లి ఆస్‌ఫ్రిడ్. కొడుకు కోసం ఒక రాయి కాదు, రెండు రాళ్లు నిలబెట్టించింది.

"రెండెందుకంట?" అని మా ఆయన నాతో అడిగించాడు.

పండితులు రకరకాలుగా చెబుతారంది ఆమె. రెండు రాళ్ల మీదా అక్షరాల తీరు వేరట. ఒకదాని మీద రాజు సిగ్‌ట్రిగ్ అని ఉంది. ఇంకోదాని మీద రాజు అన్న మాట లేదు. ఉట్టి సిగ్‌ట్రిగ్. మా ఆయన ఆ రెండో మాట విన్నాక అక్కడి నుంచి కదల్లేదు.

నకలు చెక్కుతున్న ఆ నెల రోజులూ రోజుకింత కథ చెప్పేవాడు. చరిత్ర కాదది, ఆయన ఊహే. కానీ చూసొచ్చినవాడిలా చెప్పేవాడు.

సిగ్‌ట్రిగ్ కుర్రవాడుగా ఉండగా ఓడలు కట్టుకుని పడమటికి పోయాడట. ఏడాదైనా రాలేదు. ఓడ మునగడం కళ్లారా చూశామన్నారు తిరిగొచ్చినవాళ్లు. తల్లి ఏడ్చి, నీళ్లు దాటే రేవు దగ్గర రాయి నిలబెట్టింది. అప్పటికి వాడింకా రాజు కాదు గనక రాజని చెక్కించలేదు. మరుసటేడు వేసవిలో వాడు ఓడ దిగాడు. ఊరంతా ఒడ్డుకొచ్చింది గానీ ఒక్కరూ చెయ్యి పట్టుకోలేదు. తల్లి ఒక్కతే వచ్చి ముఖం తడిమి చూసింది. రాయి పడగొట్టండిరా అన్నాడు వాడు. ఎవడూ గడ్డపార ముట్టలేదు. పడగొడితే మనిషి పోతాడు, ఉంచితే మనిషిని అడుగుతుంది. ఏం చేస్తారు? అలాగే ఉంచారు.

తండ్రి పోయాక వాడే రాజయ్యాడు. ఊరి చుట్టూ కట్ట ఎత్తు పెంచాడు, తగువులు తీర్చాడు, సంతకు వచ్చిన దూరదేశాల వర్తకుల్ని ఆదరించాడు. మంచి రాజే. కానీ కొలువులో అతని పక్క పీట మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. రోజూ రేవు దాటేటప్పుడు తన పేరు తానే చదువుకుంటూ పోవాలి. తెలియని వర్తకుడెవడో ఈ పోయినాయన ఎవరండీ అని అడిగితే, పక్కవాడు గుర్రం మీదున్న రాజు వైపు చూసి నోరు మూసుకునేవాడు. నాలుగేళ్లు అలా ఏలాడు. ఒకరోజు గుర్రం దిగి రాతికి చెవి ఆనించాడట. ఏం వినిపిస్తోంది దొరా అంటే, నన్ను పిలుస్తోంది అన్నాడట. ఆ ఏడాది మళ్లీ ఓడెక్కాడు, రాలేదు. ఈసారి తల్లి ఎవర్నీ ఏమీ అడగలేదు. రెండో రాయి తెప్పించి, రాజు అని చెక్కించింది.

ఇదంతా విని భయపడ్డాను. ఆ భయం కోపంగా బయటికొచ్చింది.

"ఏం తల్లి అది? కాస్త ఆగితే ఏం పోయింది? కళ్లతో చూడకుండా రాయి పెట్టేస్తారా?"

"కడుపుకోత ఆగనిస్తదా సుభద్రా," అన్నాడు. ఆ తల్లి మీద ఆయనకు కోపం లేదు.

మా విక్రాంత్ అప్పుడు కెమ్నిట్జ్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. ఇక్కడే పెరిగినవాడు కదా, జర్మన్ మంచినీళ్ల ప్రాయం. మన దేశం నుంచి కొత్తగా దిగిన పిల్లలకి ఊళ్లో పేరు నమోదు చేయించుకునే ఆన్‌మెల్డుంగ్ కాగితాలు నింపిపెట్టేవాడు, ఆఫీసుల్లో టెర్మిన్, అంటే ఫలానా రోజు రమ్మని ఇచ్చే సమయం, దొరక్కపోతే వాళ్ల తరఫున పోట్లాడేవాడు. వాళ్లతోనే ఒక ఫ్లాటులో ఉండేవాడు. డిసెంబరు మొదట్లో జ్వరమన్నాడు. నాలుగో రోజుకి ఆసుపత్రి, ఆరో రోజుకి గొట్టాలు. పోదామంటే లోపలికి ఎవర్నీ రానివ్వరు. రోజూ పదకొండింటికి ఫోన్ చేసి ఒక మాట చెప్పేవాళ్లు, ఆ మాట కోసం మిగతా రోజంతా గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చునేవాళ్లం.

రెండో ఆదివారం ఆ ఫోన్ రాలేదు. మధ్యాహ్నం నబీల్ చేశాడు. విక్రాంత్ గదిలోనే ఉండే హైదరాబాద్ పిల్లాడు. విక్రాంత్ ఫోన్‌కి ఛార్జర్ ఇద్దామని ఆసుపత్రి గేటు దాకా పోయాడట.

"ఆంటీ... సామాన్లు ఇచ్చేసిన్రు ఆంటీ. బూట్లు, బట్టలు, గడియారం, అంతా కవర్ల పెట్టి నా చేతుల పెట్టిన్రు," అని వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆసుపత్రివాళ్లు మనిషి బట్టలు సంచిలో పెట్టి చేతికిచ్చారంటే మన దగ్గర అర్థం ఒక్కటే. అది ఆ పిల్లాడికీ తెలుసు, మాకూ తెలుసు. ఏమైందని గేటు దగ్గర వాడూ అడగలేదు, ఏం చెప్పారని వాణ్ని మేమూ అడగలేదు. నేను ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. గంట తిరక్కుండా వాట్సాప్‌లో బొమ్మ వచ్చింది. పుట్టినరోజున తీసిన ఫొటో కత్తిరించి, గుండ్రటి చట్రం పెట్టి, దండ వేసి, రెండు దీపాలు పెట్టి, కింద అశ్రునివాళి. మన పిల్లలకి ఇలాంటివి చేయడం ఎంతసేపు! ఒంగోలు నుంచి మా అన్నయ్య కూడా అదే పంపాడు. నా బిడ్డ మెడలో దండ చూసి నేను కూలబడిపోయాను.

ఆయన ఏడవలేదు. కోటు వేసుకుని బయటికి పోయాడు. ఎటు పోయాడో కూడా నాకు తెలియలేదు. నాలుగింటికే ఇక్కడ చీకటి పడుతుంది. వెతుక్కుంటూ కొట్టు వెనక పెరట్లోకి వెళితే ఉలి చప్పుడు. కొత్త ఇల్లంటూ కట్టుకుంటే గడపకు వేద్దామని ఏళ్ల తరబడి దాచిన చీమకుర్తి రాయి ఒకటుంది. దాన్ని నిలబెట్టి చెక్కుతున్నాడు. ఆపమనే ఓపిక నాకు లేదు. ఆ చప్పుడు వింటూ పక్కన కూర్చుని ఏడ్చాను.

సోమవారం తొమ్మిదింటికి నంబరు కనపడని ఫోన్ వచ్చింది. వేరే ఊరి డాక్టరు. మంచాలు చాలక శనివారం సాయంత్రం విక్రాంత్‌ని హెలికాప్టర్‌లో తమ దగ్గరికి తెచ్చారట, సామాన్లు పాత ఆసుపత్రిలోనే ఉండిపోయాయట. తండ్రికి నిన్న సాయంత్రం మూడుసార్లు ఫోన్ చేశామన్నాడు. ఉలి పట్టినప్పుడు ఆ మనిషికి ఫోన్ వినపడితేగా! పిల్లాడు బతికే ఉన్నాడు. స్పృహ లేదు గానీ ఉన్నాడు.

నేను ఏడుస్తూనే నవ్వాను. "చావు కబురొస్తే ఆయుష్షు పెరుగుద్దంటారు! నూరేళ్లు, నా తండ్రికి నూరేళ్లు!" అని గంతులేశాను. ఆయన గోడకు ఆనుకుని అలాగే జారి కూర్చున్నాడు.

"చెక్కేశాను సుభద్రా," అన్నాడు.

ఇద్దరం పెరట్లోకి పరిగెత్తాం. తెలుగు అక్షరాలు, చక్కటి గుండ్రటి అక్షరాలు. విక్రాంత్. కింద పంతొమ్మిది వందల తొంభై ఆరు. పక్కన గీత. గీత తర్వాత అంకె వేయడానికి చెయ్యి రాలేదేమో, ఖాళీగా వదిలేశాడు. నేను సుత్తి అందుకున్నాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు.

"పగలగొట్టావో, వాడు పోతాడు."

"ఉంచితే?"

ఆయన సుత్తి నా చేతిలోంచి తీసుకుని దూరంగా పెట్టాడు.

ఆ తర్వాత ఇరవై నాలుగు రోజులు. పదకొండింటి ఫోన్‌లో ఒకటే మాట, మార్పు లేదు. పెరట్లో రాతి మీద తార్పాలిన్ కప్పి తాడు కట్టాడు. కొట్టు కుక్క అటువైపు పోవడం మానేసింది. ఒకరోజు నేనే తార్పాలిన్ ఎత్తి చూశాను. నేలంతా మంచు కరుడుగట్టింది, పక్క రాళ్లన్నీ తెల్లబడ్డాయి. మా రాయి మాత్రం నల్లగా ఉంది. అక్షరాల గాడిలో నీళ్లు గడ్డకట్టలేదు. వేలు పెడితే గోరువెచ్చగా తగిలాయి. ఎవరికి చెబితే నమ్ముతారు? ఆయనకు చెప్పాను. ఆయన తల ఊపాడు, తనకు తెలుసన్నట్టు.

జనవరి మొదటి వారంలో ఒక మధ్యాహ్నం రెండు గంటలు పెరట్లో ఉండి వచ్చాడు. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఎన్నాళ్లకో కడుపునిండా అన్నం తిన్నాడు. "రేపు ఫోన్ తొందరగా వస్తదిలే," అన్నాడు. మర్నాడు ఎనిమిదింటికే వచ్చింది. పిల్లాడు కళ్లు తెరిచాడు. నేను ఆ సంతోషంలో అన్నీ మరిచిపోయాను. వారం తర్వాత ఎందుకో అనుమానం వచ్చి పెరట్లోకి పోయి తాడు విప్పాను. కొడుకు పేరు కింద ఇంకో పేరు. కనకయ్య. పంతొమ్మిది వందల అరవై ఒకటి. గీత. ఖాళీ.

నా జన్మలో అంతగా ఎవర్నీ తిట్టలేదు.

"నీకు మతి ఉందా? నన్నో మాట అడిగావా? అడగాలని తోచలేదా నీకు?"

"నిన్నడిగితే నీ పేరు చెక్కమంటావు."

నిజంగా అదే అనేదాన్ని.

మార్చిలో విక్రాంత్ ఇంటికొచ్చాడు. కర్ర పట్టుకుని నాలుగడుగులు నడిచేవాడు, ఆయాసపడేవాడు. వాడికి మేం రాయి సంగతి చెప్పలేదు. ఒకరోజు టీ తాగుతూ వాడే అన్నాడు.

"నాన్నా, అక్కడ పడుకున్నప్పుడు నీ ఉలి వినిపించేది. నిజంగా. నా పేరు ఎవరో పిలుస్తున్నట్టు కాదు, చెక్కుతున్నట్టు. మోకాళ్ల దాకా నీళ్లు, ఆ చప్పుడు అయ్యేకొద్దీ నడుం దాకా వచ్చాయి. తర్వాత ఇంకో పేరు మొదలైంది. అప్పుడు నీళ్లు తగ్గాయి."

"ఎవరి పేరు?" అన్నాను.

"తెలీదమ్మా. మెలకువ వచ్చేసింది."

ఆయన టీ గ్లాసు పట్టుకుని లేచి బయటికి పోయాడు.

ఏప్రిల్లో, ఎండ కాసిన రోజున, మధ్యాహ్నం పన్నెండింటికి కొట్టు గోడకు ఆనుకుని కూర్చునే ప్రాణం వదిలాడు. సుత్తి ఒళ్లో ఉంది. కరోనా లేదు, పరీక్ష చేశారు. గుండె అన్నాడు డాక్టరు. ఆ ముందురోజే నాతో ఒట్టు వేయించుకున్నాడు. "రాయి పగలగొట్టొద్దు. నా మీదే పెట్టండి. దానికి మనిషి దొరికాడనుకుంటది." ఛీ, ఏం మాటలయ్యా అని కసిరాను. ఆ కసురు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మాలో పూడ్చడమే ఆచారం. పదిమందిని మించి రానివ్వలేదు. నేల కుదురుకున్నాక శీతాకాలం ముందు రాయి నిలబెట్టారు. కొట్టు యజమానురాలు పెద్దావిడ తన చేత్తోనే ఆయన గీత పక్కన అంకె చెక్కింది. శ్మశానం ఆఫీసువాళ్లు తెలుగు అక్షరాల అర్థం రాసివ్వమన్నారు. పై వరుస దేవుడి పేరు అని రాసిచ్చాను. ఈ ఊళ్లో అది చదవగలిగేది మేమిద్దరమే. విక్రాంత్‌కి ఆ రోజే అంతా చెప్పేశాను. వాడు తన పేరు మీద చెయ్యి పెట్టి, "ఆలెస్ గూట్, అమ్మా," అన్నాడు. అన్నీ బాగున్నాయట!

అప్పటి నుంచి ప్రతి శనివారం వాడే పోయి మొక్కలకి నీళ్లు పోస్తాడు. ఉద్యోగం వచ్చింది, బాగా తేరుకున్నాడు, ఊపిరి బాగుంది. మొన్న వేసవిలో నేను వెనకే వెళ్లాను. నీళ్ల డబ్బా పక్కన పెట్టి, రాతికి చెవి ఆనించి ఉన్నాడు.

"ఏం చేస్తన్నావురా అక్కడ!" అని అరిచాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారు.

"ఎండకి వెచ్చగా ఉందమ్మా, అంతే."

ఆ రాత్రి మెతుకు దిగలేదు. సోమవారం పొద్దున్నే శ్మశానం ఆఫీసుకి పోయి రాయి తీసేసే దారి ఏదైనా ఉందా అని అడిగాను. అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. ఈ దేశంలో సమాధి చోటు శాశ్వతం కాదు. ఇరవై ఐదేళ్లు. ఆ తర్వాత గడువు పొడిగించకపోతే వాళ్లే వచ్చి రాయి పెళ్లగించి తీసుకుపోతారు, నేల చదును చేసి ఇంకొకరికి ఇస్తారు. మేం పడగొట్టినట్టు కాదు, వాడికి ఏ దోషమూ అంటదు. దాని కాలం తీరిపోతుంది, అంతే. రెండు వేల నలభై ఆరు. వాడికి యాభై ఏళ్లు. ఆ రాయి వాణ్ని అడగడానికి ఇంక అంతవరకే వీలు. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"మీది ఇద్దరి చోటు కదా," అంది ఆ అమ్మాయి కాగితం ముందుకు జరుపుతూ. "మీవారి పక్కన మీ కోసం ఉంచమంటారా? అయితే ఒకటి. మిమ్మల్ని అక్కడ పెట్టిన రోజు నుంచి ఇరవై ఐదేళ్లూ మళ్లీ మొదలవుతాయి."

నేను ఎనభై దాకా బతికితే? ఇంకో పాతికేళ్లు ఆ రాయి వాడి పేరుతో అక్కడే నిలబడుతుంది. కాగితం మీద రెండు గళ్లు. ఒకటి అవును, ఒకటి వద్దు. ముప్పై ఏళ్లు ఒకే కంచంలో తిన్నట్టు బతికాం. నా కోరిక ఏంటో ఆ మట్టికి తెలుసు. నాకు నిప్పంటే భయం, నీళ్లంటే భయం. ఆయన పక్కన తప్ప నాకు ఇంకెక్కడా నిద్ర పట్టదు.

వద్దు అన్న గడిలో టిక్కు పెట్టాను. నన్ను తీసుకెళ్లడానికి అప్పుడే వచ్చి పక్కన కూర్చున్న విక్రాంత్ ఉలిక్కిపడ్డాడు.

"అమ్మా! నాన్న పక్కన ఉండవా?"

"మీ నాన్న గురక ముప్పై ఏళ్లు భరించాను, చాలదా? ఇంకా నా వల్ల కాదు బాబూ," అన్నాను.

వాడు పగలబడి నవ్వాడు. ఆ అమ్మాయికి కూడా జర్మన్‌లో చెప్పాడు, ఆమె కూడా నవ్వింది. నేను పెన్ను తీసుకుని సంతకం పెట్టాను.